మెడ వంచిందెవరు?

పోయిన వారం మీరు నన్ను నాంపల్లి స్టేషన్ ఎదురు సందులో, ప్రెస్సు గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయారు. చేతిలో ఒక పుస్తకం నడిమి రెండు పేజీల ప్రూఫు, అంతే. ఇవాళే కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను, మిగతావాళ్ళు ఓపిక పట్టండి.

నా పేరు శశికళ. ఏళ్ళ తరబడి అబిడ్స్‌లో ఒక పబ్లిషరుకి బడి పుస్తకాల బొమ్మలు గీస్తున్నాను. బొద్దింక, మందారపువ్వు అడ్డుకోత, మూత్రపిండం. మీ పిల్లలు పరీక్ష కోసం చూసి గీసిన మూత్రపిండం నాదే అయి ఉంటుంది. ఒక్కదాని కింద కూడా నా పేరు ఉండదు. ఇన్నాళ్ళకి ‘అనగనగా సముద్రం’ అని పిల్లలకు పెద్ద బొమ్మల పుస్తకం, అట్ట మీద నా పేరుతో రాబోతోంది. దాని నడిమి రెండు పేజీల నిండా ఒక పొడుగు మెడ సముద్రపు జంతువు ఉంది. కోట్ల ఏళ్ళ కిందట బతికింది. నాలుగు తెడ్డు కాళ్ళు, పొట్టి తోక, చిన్న తల, ఒంటికంటే పొడుగు మెడ. ఆ మెడను నీళ్ళలో ముందుకు చాచి, దాదాపు తిన్నగా గీశాను. ప్రూఫులో చూస్తే ఎవరో ఆ మెడను వంచేశారు. నీళ్ళలోంచి పైకి లేపి, కొంకి తిప్పి, బుస కొట్టబోయే పాములా నిలబెట్టారు.

“తిన్నంక ప్లేటు మిషనుకు ఎక్కుతది, అచ్చు మొదలైతది మేడం,” అన్నాడు ప్రెస్సు ఫోర్‌మన్ రాజనర్సు. “ఏమన్న ఉంటే గంతలోపట సేఠ్‌తోని మాట్లాడుకోన్రి.”

సేఠ్ అంటే మా పబ్లిషరు రాంచందర్. చేసింది ఆయనే. ఇంకెవరికి పని లేదు? ప్రూఫు చుట్టి చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

స్టేషన్ రోడ్డులో ఆటో నడిచిన దానికంటే ఆగింది ఎక్కువ. దిగి నడిస్తే ముందే చేరేదాన్ని, కానీ నడిస్తే దారిలో ఎవర్నో ఒకర్ని తిట్టేదాన్ని. మెడ ఎటు వంగితే ఏమైందమ్మా, ఎవరు చూడొచ్చారు అంటారు కొందరు. మీ పెళ్ళి ఫోటోలో మీ తల తీసి పక్కింటావిడ తల పెడితే ఊరుకుంటారా? ఆ జంతువు మెడలో డెబ్బై చిల్లర పూసలుంటాయి. అన్ని ఉన్నాయి కాబట్టి పాములా తిరుగుతుందనుకుంటారు. తిరగదు. ఒక్కో పూస చివర దాదాపు బల్లపరుపుగా ఉండి పక్కదానికి ఆనుకుని ఉంటుంది. ఒక్కొక్కటి రవంత కదులుతుంది, అన్నీ కలిసి మెల్లగా ఒక వంపు తిరుగుతాయి, అంతే. నీళ్ళ మీదికి నిటారుగా ఎత్తుదామంటే తల పైకి రాదు, బరువుకి ఒళ్ళే ముందుకు మొగ్గుతుంది. ఎముకల శాస్త్రం చదివిన విద్యాసాగర్ సార్ దగ్గర కూర్చుని ఇదంతా నేర్చుకున్నాను. నేర్చుకున్నది నమ్మడం కోసం సుల్తాన్ బజార్ దర్జీల దగ్గర ఖాళీ దారపు రీళ్ళు ఏరుకొచ్చి, తీగకు గుచ్చి, ఇంట్లో వంచి చూశాను. దగ్గర దగ్గరగా గుచ్చిన రీళ్ళు కొంకి తిరగవు. కావాలంటే మీరూ గుచ్చి చూడండి.

అంత చేసి గీసిన మెడను వంచుతాడా ఈయన?

మొబైల్ కవర్లు అమ్మే దుకాణం పైన రెండో అంతస్తులో ఆయన ఆఫీసు. తలుపు తోసుకుని వెళ్ళేసరికి అన్నం డబ్బా విప్పుకుంటున్నాడు.

“రాన్రి రాన్రి శశికళమ్మా. తిన్నరా?”

“ఇదేంది సార్?”

ప్రూఫు టేబులు మీద పరిచాను. మూలలు లేవకుండా ఆయన పప్పు గిన్నెనే తీసి ఒక మూల మీద పెట్టాను. ఆయన పప్పు వైపు ఒకసారి, బొమ్మ వైపు ఒకసారి చూశాడు.

“ఎంత మంచిగొచ్చిందో చూడున్రి! ఇప్పుడు చూడబుద్ధయితున్నది. ముందుగాల మీరు గీసింది ఉన్నదే, కోపం చేసుకోకున్రి, గడ్డపార లెక్క ఉండె. రెండు పేజీల మీద అడ్డంగ ఒక గడ్డపార పండవెట్టినట్టు. పిల్లలేం చూస్తరమ్మా దాన్ని?”

“దాని మెడ గట్లనే ఉంటది.”

“ఎవరు చూసొచ్చిన్రు?”

అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది నాకు ఆ కుర్చీ పక్కనే జరిగింది.

“ఎముకలు చూసిన్రు సార్! రాతిల దొరికిన ఎముకలు, పూసకు పూస పేర్చి చూసిన్రు. నేను గూడ చూసి గీసిన. మీ నడుముల గూడ పూసలున్నయి కదా. ఏదీ, లేచి నిలవడి ఎనకకు వంగి మీ మడమలు ముట్టుకోన్రి, చూస్త.”

“నేనెందుకు ముట్టుకుంటనమ్మా?”

“మరి దాన్నెందుకు వంచిన్రు?”

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

“రాక్షసబల్లి అన్నంక జర భయం ఉండాలె కదా,” అన్నాడు.

“అది రాక్షసబల్లి కాదు. ఈ జంతువు రాక్షసబల్లి కాదు అని ఆరో పేజీల మీరే అచ్చేస్తున్నరు. మీ పుస్తకం మీరు సదువుకోరా సార్? ఆరో పేజీల ఒకటి చెప్పి, నడిమి పేజీల ఇంకోటి చూపిస్తే పిల్లలు దేన్ని నమ్మాలె? అట్ట మీద నా పేరు ఉంటది. రేపు తెలిసినోళ్ళు ఎవరన్న చూసి, ఈమెకు మెడ గూడ గీయరాదు అంటే మీరొచ్చి చెప్తరా నేను వంచిన అని?”

“గంత మాటెందుకు? నేనేడ వంచిన?” ఆయన గిన్నె మూత చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. “మెడ వంచితె బాగుంటదని చెప్పిన, ఔ, చెప్పిన. కాదంట లేను. వంచి పంపింది మీరే కదమ్మా.”

“నేనా?”

“మేడం అన్నిటికి ఒప్పుకున్నది అని చెప్పిండు. నేనింక ఖుషీ అయిన. శశికళమ్మ ఒక మాటకు ఒప్పుకున్నదంటే నేను యాదగిరిగుట్టకు పోయొస్త అనుకున్న.”

“ఎవరు చెప్పిండు?”

రాంచందర్ చేతిలోని మూతను పప్పు గిన్నె మీద పెట్టి సర్దాడు. 

“ఎవరు చెప్పిండు సార్?”

“ఇంట్ల మాట్లాడుకోన్రమ్మా,” అన్నాడు మెల్లగా. “నన్ను నడిమిట్ల వెట్టకున్రి. నాకు లొల్లి వద్దు.”

ఇంట్ల. ఆ మాట పట్టుకుని మళ్ళీ బొమ్మ వైపు చూశాను. పొద్దున్నుంచి కోపంతో చూస్తున్నాను కానీ గీసేదాని కళ్ళతో చూడలేదు. ఇప్పుడు చూశాను. మెడ ఒంటి దగ్గర సన్నగా మొదలై, వెనక్కి ఒరిగి, మళ్ళీ ముందుకు తిరిగి తల దించుకుంది. సిగ్గుపడుతున్నట్టు ఉంది ఆ తల. గొంతు దగ్గర, వంపు తిరిగే చోట, చిన్న ఉబ్బు.

ఆ ఉబ్బు నాకు తెలుసు. ఆ ఉబ్బు హైదరాబాదులో సగం పెళ్ళిళ్ళకు తెలుసు. లగ్గం కార్డు మీద ఎదురెదురుగా ముక్కులు ఆనించుకునే రెండు హంసలుంటాయే, వాటి మెడ అది. మిగతావాళ్ళ హంసలు నున్నగా ఉంటాయి. ఒక్కరి హంసకే గొంతు దగ్గర అలా ఉబ్బుతుంది. నీ హంస ఉసిరికాయ మింగింది, జర నీళ్ళు తాగించు అని పెళ్ళయిన కొత్తలో నేనే ఏడిపించేదాన్ని. ఆయన హంసలకు ఆ ఉసిరికాయ నేటికీ దిగలేదు.

నా సముద్రపు జంతువుకి లగ్గం కార్డు హంస మెడ అతికించారు. అతికించింది నా మొగుడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి బొమ్మలు గీయడం రాదు కాబట్టి.

ప్రూఫు లాక్కుని మెట్లు దిగాను. వెనక నుంచి రాంచందర్ ఏదో అన్నాడు, వినలేదు.

మా ఆయన జితేందర్ పెళ్ళికార్డుల దుకాణం అబిడ్స్ నుంచి సుల్తాన్ బజార్ వైపు పోయే సందులో ఉంది. మేమిద్దరం ఒకే కాలేజీలో బొమ్మలు నేర్చుకున్నాం. అందుకే అతన్ని పేరుతో పిలుస్తాను, అత్తయ్య ముందు తప్ప. నడుస్తున్నంతసేపూ నాకు గుర్తొచ్చినవన్నీ ఇంకా మంట పెట్టేవే. ఆ రీళ్ళు తీగకు గుచ్చింది అతనే. నా చేతికి తీగ గుచ్చుకుందని లాక్కుని, నేను చేస్త తియ్యి అని కూర్చుని గుచ్చాడు. వంచి చూసి, లేదు శశీ, ఇది వంగది అని నాకు చెప్పింది కూడా అతనే. కిందటి వారమంతా ఇంట్లో ఈల వేసుకుంటూ తిరిగాడు. పెద్ద ఆర్డరు ఏదో దొరికిందనుకుని నేను ముచ్చటపడి గుత్తివంకాయ చేసి పెట్టాను. నా బొమ్మ గొంతు పిసుకుతున్న మనిషికి, రెండోసారి వడ్డించి మరీ పెట్టాను!

దుకాణంలో ఒక పెద్దాయన, ఆయన భార్య కలిసి తమ కొడుకు లగ్గానికి కార్డులు చూస్తున్నారు. జితేందర్ నన్ను చూశాడు, నా చంకలో చుట్టను చూశాడు. అతని ముఖం వాడిపోయింది.

“రా శశీ. కూసో. నీళ్ళు తాగుతవా?”

“కూసోను.”

పెద్దావిడ చేతిలో హంసల కార్డు ఉంది. “ఇది మంచిగున్నది బిడ్డా,” అంది నన్ను కూడా బేరానికి వచ్చినదాన్ని అనుకుని. “ఒక్కసారి ఇస్తరా అమ్మా,” అని తీసుకుని, గల్లా మీద ప్రూఫు పరిచి, దాని పక్కన ఆ కార్డు పెట్టాను. కార్డు మీద బొటనవేలంత, ప్రూఫు మీద మూరెడు. మెడ మాత్రం ఒకటే.

“ఇది నువ్వు గీసినవా?”

“కస్టమర్లున్నరు శశీ.”

“ఉండనీ. వాళ్ళు గూడ చూడనీ. గీసినవా, లేదా?”

కాసేపు అటూ ఇటూ చూశాడు. చూడడానికి అక్కడ ఏమీ లేదు, గోడ నిండా వినాయకుళ్ళు, అరటిచెట్లు, మంగళవాద్యాలు తప్ప.

“గీసిన.”

“నన్ను అడగకుంట.”

“అడిగితే ఒప్పుకుందువా?”

“ఒప్పుకోను!”

“అందుకే అడగలే.” గొంతు తగ్గించాడు. “సేఠ్ ఈడికొచ్చిండు. నువ్వు వినవు అని నా దగ్గరికొచ్చిండు. మెడ లేపకుంటే పుస్తకం మొత్తం ఆ కంప్యూటర్ బొమ్మల పిల్లగాడు ఆకాష్‌తోని మళ్ళ గీపిస్త అన్నడు. మొత్తం, శశీ. నీ షార్కులు, నీ శంఖాలు, అన్ని పోతయి. ఒక్క మెడ కోసం గవన్ని పోగొట్టుకుంటవా? ఇన్నేళ్ళు పేరు కోసం ఎంత ఏడ్చినవో నాకు ఎర్క లేదా? నీ పేరు నిలవడాలని చేసిన. నీ కోసమే చేసిన.”

నా కోసమే. లోకంలో మగవాళ్ళు మన వెనకాల చేసే పనులన్నీ మన కోసమే.

“రీళ్ళు గుచ్చినప్పుడు వంగిందా?”

“శశీ...”

“వంగిందా?”

“వంగలే.”

“వంగదని చేతులతోని తెలిసినోనివి, నువ్వెట్ల వంచినవ్? సేఠ్‌కు తెల్వదు, తెల్వక వంచమన్నడు. ఆయన్ని తిట్టొచ్చిన గానీ ఆయన మీద నాకు కోపం లేదు. తెలిసి చేసినోని మీదనే నా కోపం. ఆయన నా మెడలు వంచలేక నీ దగ్గరికొచ్చిండు. నువ్వు వంచి చేతిల వెట్టినవ్!”

పెద్దాయన లేవబోయాడు. భార్య ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

“తప్పు మెడ, తప్పు మెడ!” జితేందర్ గొంతు ఒక్కసారి లేచింది. “ఆరు నెలల సంది ఇంట్ల మెడ తప్ప ఇంకో ముచ్చట లేదు. అన్నం తింటుంటే మెడ, పండుకుంటే మెడ. నా గురించి ఒక్కనాడన్న అడిగినవా? కాలేజీల గుర్రాన్ని గీస్తే సార్లు నా బొమ్మను గోడకు పెడుతుండె, యాదున్నదా? గిప్పుడు చూడు. హంసలు. అరటిచెట్లు. పొద్దున లేస్తే గా హంసలే, గా అరటిచెట్లే. ఒక్కడొచ్చి జితేందర్, ఒక జంతువును గియ్యి అని అడగలే ఇన్నేళ్ళు. సేఠ్ అడిగిండు. తప్పని తెలుసు. తెలిసే గీసిన. గీస్తున్నన్ని రోజులు నేను గూడ ఆర్టిస్టునే అనిపించింది. మంచిగనిపించింది. చాలా?”

నాకు జాలేసింది. అబద్ధం చెప్పను, నిజంగానే జాలేసింది. ఆ గుర్రం నాకు గుర్తుంది. దాని వెనక కాలు చూసే నేను ఇతన్ని ఇష్టపడ్డాను. కానీ జాలి ఒక పక్క, కడుపుమంట ఒక పక్క. నీకు గుర్రం గీయాలని ఉంటే ఇంట్లో కాగితం లేదా? నా జంతువే దొరికిందా?

“సరే,” అన్నాను. “నువ్వు గీసుకున్నవ్, మంచిగనిపించింది. ఆ మెడతోని పుస్తకం వస్తే దాని మీద నా పేరు ఉండొద్దు. రాజనర్సన్నకు ఫోన్ చేసి తీసేయమంట.”

“వద్దు!” గల్లా దాటి ఇవతలికి వచ్చాడు. “పేరు జోలికి పోకు శశీ. నీకు దండం వెడత. ఇయ్యాల మిషను ఆగిందంటే సేఠ్ ఆకాష్‌కు ఫోన్ కొడతడు, పుస్తకం చేతికి రాదు.”

నా పేరు మీద ఎంత ప్రేమ అనుకున్నాను. అంత కోపంలోనూ అనుకున్నాను, నా బుద్ధి కాలా! ఫోన్ స్పీకర్ మీద పెట్టి గల్లా మీద ఉంచాను, అతను కూడా వినాలని.

“చెప్పున్రి మేడం,” రాజనర్సు గొంతు వెనక ఏదో మోటారు గీపెడుతోంది. “ప్లేటు ఎక్కిచ్చినం. మొదలువెడుతున్నం.”

“జర ఆగన్నా. అట్ట మీద నా పేరు తీసేయాలె.”

“గిప్పుడా? సేఠ్‌కు తెలుసా మేడం?”

“అడుగున్రి కావాలంటే. ముందైతే మిషను ఆపున్రి.”

మోటారు చప్పుడు తగ్గింది. ఎవరో ఎవర్నో కేకేశారు. రాజనర్సు ఇంకో ఫోన్‌లో మాట్లాడడం వినిపించింది. పెద్దాయన ఫోన్ వైపు మెడ చాచాడు. రోడ్డు మీద సిటీ బస్సువాడు హారన్ ఆపకుండా కొడుతున్నాడు, వాడికేం తొందరో.

“మేడం, సేఠ్ ఏమంటడంటే, మేడంనే అడుగు, ఆమె నడపమంటే నడుపు, ఆపమంటే ఆపు, నాకు లొల్లి వద్దు అన్నడు. ఆపితే మాత్రం ఇగ ఆకాష్‌కే ఇస్తడట. ఆగున్రి, అట్ట నా ముందటనే ఉన్నది, పేరు ఏడున్నదో చూస్త.” కాగితం తిరగేస్తున్న చప్పుడు. మళ్ళీ తిరగేశాడు. “మేడం, మీ పేరు శశికళనే కదా?”

“ఔ. ఎందుకట్ల అడుగుతున్నరు?”

“శశికళ అని ఏడ లేదు మేడం.”

“మంచిగ చూడున్రి. కింద, ఎడమ దిక్కు.”

“చూసిన. ‘బొమ్మలు: జితేందర్’ అని ఉన్నది. లోపట పేజీల గూడ గదే. మీకు చెప్పలేదా?”

జితేందర్ వైపు తిరిగాను. ఎవరైనా ఆ మాట వింటే ఉలిక్కిపడాలి. ఏందీ, నా పేరా, ఎట్లొచ్చింది అనాలి. అతను ఫోన్ వైపే చూస్తున్నాడు. అతని ముఖంలో ఆశ్చర్యం లేదు.

“సేఠ్ పెట్టిండా నీ పేరు?”

అతను గల్లా మీది కార్డులు సర్దసాగాడు.

“చెప్పు జితేందర్. మెడ వంచినందుకు ఆయనే పెట్టిండా?”

పెద్దావిడ హంసల కార్డును గల్లా మీద నుంచి తీసి, మిగతా కార్డుల కింద పెట్టేసింది.

“నేనే అడిగిన,” అన్నాడు నా మొగుడు.

“మేడం,” అన్నాడు ఫోన్‌లో రాజనర్సు, “పనోళ్ళందరు మిషను కాడ నిలవడ్డరు. నడపమంటరా, ఆపమంటరా?”